‘నల్ల బూజు’ అను పేరు: ఒక విమర్శ

ఒక వ్యాధికి జనసామాన్యములో స్థిరపడిన పేరు ఆ వ్యాధిని గుర్తించుటకు తోడ్పడవలెను. కనీసము త్రోవ తప్పింపరాదు. 2021 వేసవిలో మన తెలుగు పత్రికలు, ప్రసార సాధనములు మ్యూకర్‌మైకోసిస్ అను వ్యాధిని ‘బ్లాక్ ఫంగస్’ అనియు, ‘నల్ల బూజు’ అనియు వ్యవహరించినవి. ఆ పేరును, దానితోపాటు వచ్చిన వ్రాతలను శాస్త్రదృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట మంచిని చెప్పుట న్యాయము. మధుమేహము కలవారు రక్తములోని చక్కెరను అదుపులో నుంచుకొనవలెననియు, వైద్యుని సలహా లేక స్టెరాయిడు మందులు వాడరాదనియు పత్రికలు పదేపదే హెచ్చరించినవి. 2021 మే 20న తెలంగాణ ప్రభుత్వము ఈ వ్యాధి సోకినవారి వివరములను ఆసుపత్రులు తప్పక తెలుపవలెనని ప్రకటించినది. హైదరాబాదు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి చికిత్సకు ముఖ్యకేంద్రమన్న వార్తయు పల్లెలకు చేరినది. ఇది చిన్న సేవ కాదు.

ఇక లోపము. ఈ శిలీంధ్రము శరీరములో నల్లగా నుండదు. రోగి కణజాలమును పొటాసియం హైడ్రాక్సైడ్ ద్రావణములో ఉంచి సూక్ష్మదర్శినితో చూచినచో, వెడల్పైన, అడ్డుగోడలు దాదాపు లేని, రంగులేని తంతువులు రిబ్బను ముక్కలవలె కనిపించును. దీని ముఖ్యకారకులలో ఒకటైన రైజోపస్ మన విద్యార్థులకు రొట్టె బూజుగా పరిచితమే. రొట్టెపై కనబడు నల్లని చుక్కలు దాని సిద్ధబీజాశయములు. కణజాలము లోపల అవి సాధారణముగా ఏర్పడవు. మరి నలుపు ఎక్కడిది? తంతువులు రక్తనాళముల గోడలను చొచ్చుకొని పోవును. నాళములలో రక్తము గడ్డకట్టును. రక్తము అందని కణజాలము చచ్చి నల్లబడును. కావున ఆ నలుపు బూజు రంగు కాదు, చచ్చిన కండరంగు. అది కనబడునప్పటికి వ్యాధి చాల దూరము పోయియుండును.

ఇందే అసలు ప్రమాదమున్నది. మన కంటి గుంట చుట్టును సైనసులను గాలిగదులు కలవు: పైన నొసటి సైనసు, క్రింద చెంప సైనసు, లోపలి ప్రక్క ముక్కునకు కంటికి నడుమ జల్లెడవంటి సైనసులు, మిక్కిలి లోతున మరియొకటి. ముక్కు వైపు గోడ యెంత పలుచనిదనగా, శరీరశాస్త్రజ్ఞులు దానికి లాటిన్ భాషలో ‘కాగితపు పలక’ అనియే పేరిడిరి. సైనసులో మొదలైన వ్యాధి ఆ గోడ దాటుట సులభము. గుంట పరిమాణము సుమారు 30 మిల్లీలీటర్లు మాత్రమే. మూడు ప్రక్కల కాదు, వెనుకను కూడ ఎముకయే. లోపల వాపు వచ్చినచో కనుగ్రుడ్డు ముందుకు ఉబుకుట తప్ప వేరు దారి లేదు.

అందుచేత తొలిగుర్తులు నలుపుతో సంబంధము లేనివి: ముఖము ఒక ప్రక్క నొప్పి, చెంప తిమ్మిరి, ముక్కు దిబ్బడ, పై దవడ పండ్లు కదలుట, రెప్ప వాలుట, ఒకటి రెండుగా కనిపించుట. చౌటుప్పల్ నుండి కోఠీ సుమారు 50 కిలోమీటర్లు. విజయవాడ రహదారిపై ఆ ప్రయాణమునకు పట్టునది గంటల కాలమే. కాని ‘నలుపు ఇంకను రాలేదు గదా’ అని ఇంటిలో కూర్చున్న మధుమేహరోగి పోగొట్టుకొనునవి రోజులు. ఈ వ్యాధిలో రోజులే కన్ను, రోజులే ప్రాణము.

పేరు మరియొక చిక్కును తెచ్చినది. ఉల్లిపాయ పొరలపై నుండు నల్లని మసి కూడ ఈ రోగకారకమేనని ఆ రోజులలో పుకారు వ్యాపించినది. అది ఆస్పర్‌జిల్లస్ నైగర్ అను వేరొక బూజు. తరువాత తెల్ల బూజు, పచ్చ బూజు అను వార్తలును బయలుదేరినవి. 2021 మే 24న ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు అప్పటి సంచాలకులైన డాక్టర్ రణదీప్ గులేరియా, రంగుల పేర్లు గందరగోళమునకు దారితీయుననియు, ఇది అంటువ్యాధి కాదనియు స్పష్టపరచిరి. ఆ వివరణకు రంగుల వార్తలకు దక్కినంత చోటు దక్కలేదు.

శస్త్రచికిత్సను గూర్చిన వ్రాతలును అసమగ్రములే. ‘కన్ను తీసివేసిరి’ అని శీర్షిక పెట్టుట సులభము. ఏల తీసిరో చెప్పుట అవసరము. చచ్చిన కణజాలమునకు రక్తము చేరదు. రక్తము చేరని చోటికి నరము ద్వారా ఎక్కించిన ఆంఫోటెరిసిన్ మందు చాలినంత చేరదు. అందువలన వైద్యుడు ముక్కులోనికి ఎండోస్కోపు పంపి, ఆరోగ్యమైన కండ రక్తము చిమ్ము వరకు చెడినదానిని తొలగించును. వ్యాధి ఎంతవరకు ప్రాకినదో సి.టి., ఎం.ఆర్.ఐ. చిత్రములు తెలుపును. సైనసులోనే అది పట్టుబడినచో కన్ను నిలుచును. గుంట అంతయు చెడి, చూపు పోయి, వ్యాధి మెదడు వైపు సాగునప్పుడు మాత్రమే గుంటను పూర్తిగా ఖాళీచేయుటను గూర్చి ఆలోచింతురు. ఈ వరుస తెలిసిన పాఠకుడు భయపడి దాగడు, త్వరపడి బయలుదేరును.

వాడుక మాటలు వలదని నా వాదము కాదు. ప్రజలకు నోరు తిరుగు పేరు కావలెను. ఈ వ్యాధిని 1885లోనే పాల్టాఫ్ అను వైద్యుడు వర్ణించెను. మ్యూకర్ అను మాట మన జీవశాస్త్ర పాఠములకు కొత్తది కాదు. ‘మ్యూకర్ బూజు వ్యాధి’ యన్నచో పలుకుటకు సులువు, అర్థమునకు హాని లేదు.

ఉపాధ్యాయులు రొట్టె బూజు పాఠము చెప్పునప్పుడు మూతపెట్టిన గాజు పాత్రలోని బూజును చూపి, తెల్లని తంతువులు ముందు వచ్చుననియు, నలుపు తరువాతి మాట యనియు గమనింపజేయుదురు గాక. అదే గంటలో కంటి గుంట బొమ్మ గీచి, ముఖము ఒక ప్రక్క తిమ్మిరి యెక్కినచో ఆ దినమే వైద్యుని చూడవలెనని చెప్పినచో, ఆ మాట పిల్లలతో పాటు ఇంటికి పోయి, మధుమేహముగల తాతకు, అమ్మమ్మకు చేరును.