విఠలాచార్య ట్రిక్కులు, లెక్కలు

తెలుగు జానపద చిత్రం అనగానే ముందు గుర్తొచ్చే పేరు బి. విఠలాచార్య (1920–1999). మాంత్రికుడి శాపానికి రాకుమారుడు చిలుకైపోవడం, అస్థిపంజరాలు నాట్యం చేయడం, కత్తి గాలిలో ఎగిరొచ్చి కథానాయకుడి చేతికి అందడం ఆయన చిత్రాల్లో మామూలు. డెబ్బై దాకా సినిమాలు తీసిన ఆయన్ను ప్రేక్షకులు ‘జానపద బ్రహ్మ’ అన్నారు. విమర్శకులు మాత్రం చాలాకాలం పట్టించుకోలేదు.

ఆయన పుట్టింది ఉడిపి దగ్గరి ఉద్యావరలో. చదువు మూడో తరగతితో ఆగింది. యక్షగానాలు, బయలాటలు చూస్తూ పెరిగి, చిన్నతనంలోనే ఇల్లు వదిలి అరసికెరె చేరి, కొన్నాళ్లకు అక్కడే హోటల్ నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టై విడుదలయ్యాక మిత్రుడు డి. శంకర్‌సింగ్‌తో కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీస్ పెట్టారు. సినిమా పాఠం నేర్చింది ఆ డేరాలోనే. జనం ఎక్కడ ఈల వేస్తారో, ఎక్కడ బీడీ కాల్చుకోవడానికి లేచిపోతారో రోజూ చూసిన మనిషి ఆయన. తర్వాత మైసూరులో మహాత్మా పిక్చర్స్, అటుపై సొంతంగా విఠల్ ప్రొడక్షన్స్. కన్నడ ‘కన్యాదాన’ను 1955లో తెలుగులో తీసి, మద్రాసులో స్థిరపడ్డారు.

‘జయవిజయ’ (1959), ‘కనకదుర్గ పూజామహిమ’ (1960)లతో ఆయన దారి జానపదాల వైపు తిరిగింది. వీటిలో కథానాయకుడు ‘కత్తి కాంతారావు’.  కోదాడ దగ్గరి గుడిబండ కాంతారావు సొంతూరు. ‘బందిపోటు’ (1963)తో ఎన్టీ రామారావు జత కలిశారు. ‘అగ్గిపిడుగు’ (1964), ‘మంగమ్మ శపథం’ (1965) రెండింటిలోనూ ఆయనవి ద్విపాత్రలే.

ఈ మాయలకు మూలపురుషుడు ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ మెలియెస్. గారడీ ప్రదర్శనల నుంచి వచ్చిన మెలియెస్ 1896–1913 మధ్య ఐదు వందలకు పైగా చిన్న చిత్రాలు తీశారు. ప్యారిస్ వీధిలో కెమెరా కాసేపు మొరాయించి మళ్లీ నడిచేసరికి తెరమీద బస్సు కాస్తా శవాల బండిగా మారిందని ఆయనే చెప్పుకున్నారు. మనిషిని చిలుకగా మార్చే సూత్రం అదే. కెమెరాను కదలకుండా బిగిస్తారు. నటుడు ఉన్నచోటే బిగుసుకుపోతాడు, కెమెరా ఆగుతుంది. అతను తప్పుకుంటాడు, చిలుకను పెడతారు, కెమెరా మళ్లీ తిరుగుతుంది. వెలుతురు రవ్వంత మారినా, వెనక తెర కదిలినా అతుకు బయటపడుతుంది. అందుకే సరిగ్గా ఆ క్షణాన గుప్పుమని పొగ. అది మంత్రానికి అలంకారమే కాదు, అతుకుకు ముసుగు కూడా.

ద్విపాత్రకు మాస్క్ షాట్. లెన్సు సగం మూసి ఒక పాత్రను తీసి, ఫిల్మును అదే ఫ్రేముకు వెనక్కి తిప్పి, రెండో సగంలో మరో పాత్రను తీస్తారు. నటుడు ఖాళీ గాలితో మాట్లాడాలి, చూపు సరైన ఎత్తున నిలవాలి, గీత దాటి చేయి పోకూడదు. అస్థిపంజరానికి నల్ల తెర ముందు నల్ల దుస్తులు, వాటి మీద తెల్లటి ఎముకలు చాలు. ఎగిరొచ్చే కత్తిని చేతిలోంచి దారంతో లాగి, ఆ ముక్కను వెనక్కి నడిపిస్తారు. కోట కూలడం, పడవ మునగడం వంటివి చిన్న నమూనాలతో తీస్తారు. మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు తీసే కెమెరాను అప్పుడు బాగా వేగంగా తిప్పుతారు. తెరమీద కదలిక నెమ్మదించి, అరచేతిలో పట్టే రాయి కూడా బండలా బరువుగా పడుతుంది.

ఈ పద్ధతులేవీ విఠలాచార్య కనిపెట్టినవి కావు. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957)లలో మార్కస్ బార్ట్లే కెమెరా ఇంతకంటే నాజూకైన పని చేసింది. రవికాంత్ నగాయిచ్ ‘సీతారామ కల్యాణం’ (1961)లో రావణుడికి పది తలలు మొలిపించారు. విఠలాచార్య ప్రత్యేకత పొదుపు. ‘మాయాబజార్’ తీసిన విజయా వారు ఒక చిత్రానికి పెట్టే కాలంలో ఆయన వరసగా సినిమాలు విడుదల చేసేవారు. ఒకే సెట్టింగు రంగు మార్చుకుని మరో రాజ్యమయ్యేది. కాల్షీట్లు ఇవ్వకుండా తిప్పించుకునే నటుణ్ణి కథలో చిలుకగానో మేకగానో మార్చేసి షూటింగ్ సాగించేవారని పరిశ్రమలో నేటికీ చెప్పుకుంటారు. నిజమెంతైనా, ట్రిక్కు ఆయనకు నిర్మాణ సాధనం కూడానన్న సంగతి ఆ కథ పట్టిస్తుంది.

నలుపు తెలుపులో దారాలు, అతుకులు నీడల్లో కలిసిపోయేవి. రంగులు వచ్చాక దాపరికం కష్టమైంది. అయినా ఆయన పేరుమోసిన చిత్రాల్లో ఒకటైన ‘జగన్మోహిని’ (1978) రంగుల్లోనే వచ్చింది. దెయ్యం తన కాళ్లనే పొయ్యిలో కట్టెలుగా పెట్టి వంట చేసే దృశ్యం దానిదే. భయమూ నవ్వూ ఒకేసారి పుట్టించడం యక్షగానం చూసి పెరిగినవాడికే సాధ్యమేమో. అదే తరహాలో ‘నవమోహిని’ (1984) వంటివి తీశారుగానీ ఊపు తగ్గింది.

కెమెరాను బిగించక తప్పని పని కాబట్టి ఆయన మాయా దృశ్యాలు నాటకరంగంలా ఎదురుగా, నిశ్చలంగా ఉంటాయి. ఇప్పుడు థియేటర్లలో ఆడే జానపదాలకు ఆ కట్టుబాటు లేదు. ‘బాహుబలి’ (2015) కాలానికి తీగలను కంప్యూటర్‌లో చెరిపేస్తున్నారు, కెమెరా కోట చుట్టూ తిరుగుతోంది.