చిన్న ఇంజన్ నడక తప్పినప్పుడు

చిన్న పెట్రోలు ఇంజన్ కుదురుగా నడవడానికి నాలుగు కావాలి: శుభ్రమైన పెట్రోలు, దానికి తగిన పాళ్లలో గాలి, సరైన క్షణంలో నిప్పురవ్వ, సిలిండర్‌లో కారిపోకుండా నిలిచే ఒత్తిడి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా ఇంజన్ దగ్గుతుంది, మిస్ కొడుతుంది, బరువు పడగానే ఆగిపోతుంది. హైదరాబాద్‌లోని జూబ్లీహిల్స్ బంగళాల తోటల్లో గడ్డి కోసే యంత్రాలకూ, ఫిల్మ్ నగర్ షూటింగుల్లో చేత్తో మోసుకెళ్లే జనరేటర్లకూ ఆధారం ఒకే జాతి ఇంజన్: ఒక్కటే సిలిండర్, నాలుగు స్ట్రోకులు, గాలితోనే చల్లబడే ఏర్పాటు. 163 సీసీ హోండా జీఎక్స్160 ఇందుకు బాగా తెలిసిన నమూనా.

ఇలాంటి ఇంజన్లను బాగుచేసే విద్య హైదరాబాద్ షెడ్లలో ఉస్తాద్ పక్కన కూర్చుని నేర్చుకునేది. అందులో మొదటి పాఠం, స్పానర్ పట్టే ముందు ఇంజన్‌ను వినడం. స్లో రన్నింగ్‌లో కొట్టుకుంటూ, రేజ్ చేస్తే సర్దుకుంటే అనుమానం కార్బురేటర్‌లో స్లో రన్నింగ్‌కు పెట్రోలు అందించే పైలట్ జెట్ మీదికి పోతుంది. ఖాళీగా బాగా తిరిగి, బరువు పడితే కూలబడితే ఎక్కువ పెట్రోలు అందించే మెయిన్ జెట్ వైపు చూడాలి. వేగం దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటే పెట్రోలు చాలడం లేదని గుర్తు.

తర్వాతిది చోక్ పరీక్ష. నడుస్తున్న ఇంజన్‌కు, గాలి దారిని అడ్డే చోక్ సగం మూయాలి. నడక కుదుటపడితే పెట్రోలు తక్కువగానో, గాలి ఎక్కువగానో వస్తోందన్నమాట. నల్లపొగ చిమ్ముతూ మరింత మొరాయిస్తే పెట్రోలే ఎక్కువైంది: ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉండవచ్చు, లేదా ఫ్లోట్ నీడిల్ కారుతూ ఉండవచ్చు. పైసా ఖర్చు లేని ఈ పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

పాత ఇంజన్లలో ఎక్కువ తప్పులు పెట్రోలు దారిలోనే ఉంటాయి. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలమంతా కదలకుండా ఉన్న ట్యాంకులో నీరు విడిపోయి అడుక్కు చేరవచ్చు. ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకోకుండా తయారైన రబ్బరు పైపులూ సీళ్లూ ఉబ్బుతాయి, పగులుతాయి. అందుకే ముందుగా కార్బురేటర్ అడుగు గిన్నెలోని పెట్రోలును గాజు సీసాలోకి వంపి చూడాలి. అడుగున నీటి బొట్లు కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేసి కడగాల్సిందే. జెట్లు మెత్తటి ఇత్తడివి. ఇనుప తీగ పొడిస్తే రంధ్రం పెద్దదైపోతుంది, ఆ జెట్ మళ్లీ పాత కొలతకు రాదు. క్లీనర్ కొట్టి, గాలి పెట్టి ఊదడమే పద్ధతి. కార్బురేటర్ స్క్రూ విప్పే ముందు అది ఎన్ని చుట్లు బిగిసి ఉందో లెక్కపెట్టుకుంటే తిరిగి అదే చోట నిలపవచ్చు. శుభ్రం చేశాక కూడా చోక్ మీదే నడుస్తుంటే కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ప్యాకింగ్ దగ్గర గాలి పీలుస్తోందేమో వెతకాలి.

నిప్పురవ్వ కథ ప్లగ్ చెబుతుంది. కొన లేత గోధుమ రంగులో ఉంటే మంట సవ్యంగా ఉంది. పొడి మసి పట్టితే పెట్రోలు ఎక్కువ, జిడ్డుగా తడిస్తే ఆయిల్ పైకి వస్తోంది, తెల్లబడితే పెట్రోలు చాలక వేడెక్కుతోంది. జీఎక్స్160లో ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. మధ్య ఉండాలి. వేడెక్కాక ఆగి, చల్లారాక మళ్లీ స్టార్టయ్యే ఇంజన్‌ను ఆగిన వెంటనే పరీక్షించాలి. అప్పుడు స్పార్క్ లేకపోతే తప్పు చాలావరకు కాయిల్‌ది. స్పార్క్ ఉండి, ట్యాంకు మూత వదులు చేయగానే నడిస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది.

ఇవన్నీ సరిగా ఉంటేనే లోపలి భాగాలకు పోవాలి. చల్లటి ఇంజన్‌లో ఫీలర్ గేజ్‌తో టాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, చూడాలి: జీఎక్స్160లో ఇన్‌టేక్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మి.మీ. ఎగ్జాస్ట్ టాపెట్ బిగుతైతే వేడిమీద వాల్వ్ పూర్తిగా మూసుకోదు, ఒత్తిడి జారిపోతుంది.

జూబ్లీహిల్స్ నేల తెచ్చే తంటాలు రెండున్నాయి. ఇక్కడి తోటల కింద గ్రానైటు రాళ్లే. ఇంజన్ షాఫ్టుకే నేరుగా బిగించిన బ్లేడు రాయికి తగిలితే ఫ్లైవీల్ కీ కొద్దిగా తెగి, స్పార్క్ పడే క్షణం మారిపోతుంది. స్టార్టింగ్ తాడు చేతిని వెనక్కి లాగుతుంటే కీ విప్పి చూడాల్సిందే. రెండోది వాలు. ఇంజన్ ఒరిగితే ఫ్లోట్ మట్టం మారుతుంది, చిలకరింపుతో పనిచేసే ఆయిల్ అన్ని భాగాలకూ అందదు. జీఎక్స్160కు అనుమతించిన ఒరుగు 20 డిగ్రీలే. సమనేల మీద బాగా నడిచి వాలులో మాత్రమే తడబడే ఇంజన్‌కు రిపేరు అక్కర్లేదు.

ఇంజన్ వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నర్ జోలికి చివరనే పోవాలి. రెండు పోల్స్ ఉన్న మామూలు జనరేటర్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితేనే 50 హెర్ట్జ్ కరెంటు ఇస్తుంది. 2700కు పడితే 45 హెర్ట్జే. ఇంజన్ తడబాటు కొన్ని రకాల దీపాల్లో రెపరెపగా మారి కెమెరాకు చిక్కుతుంది కాబట్టి, షూటింగులో ఈ లెక్క మరీ ముఖ్యం. తప్పు వేరేచోట ఉండగా గవర్నర్ స్ప్రింగ్ సాగదీసి వేగం పెంచితే అసలు జబ్బు దాగిపోతుంది, ఇంజన్ ఆయుష్షు తగ్గుతుంది.

ఈ పరీక్షలన్నీ ఆరుబయటే జరగాలి. మూసిన గదిలో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. బ్లేడు ముట్టుకునే ముందు ప్లగ్ వైరు విధిగా ఊడదీయాలి.

వినడం, చోక్, పెట్రోలు, గాలి, ప్లగ్, టాపెట్లు, గవర్నర్: ఈ వరుసలోనే ఈ విద్య విలువంతా ఉంది. ఒకసారికి ఒక్క మార్పే చేసి నడిపి చూస్తేనే తప్పు ఎక్కడుందో నిజంగా తెలుస్తుంది. కార్బురేటర్, కాయిల్, ప్లగ్ ఒకేసారి మార్చితే ఇంజన్ నడవచ్చు గానీ కారణం తెలియదు, మంచి సామాను చెత్తబుట్టకు పోతుంది. వరుస తప్పని మెకానిక్ చేతిలో పాత ఇంజన్ చాలాసార్లు కొత్త సామాను లేకుండానే బాగుపడుతుంది. ఆఖరున బరువు పెట్టి, పూర్తిగా వేడెక్కేదాకా నడపాలి. అప్పుడూ నడక మారకపోతే పని పూర్తయినట్టు.