సాకడమే మందు

షుగరో బీపీయో బయటపడిందంటే మా వెంకటగిరికోటలో ఏ డాక్టరైనా మాత్రలతో పాటు చెప్పేది ఒకటే: "పొద్దున్నే నడవండి." సరేనని తలూపుతాం. బూట్లు కొంటాం. వారం తిరక్కముందే అవి గడప పక్కన దుమ్ము పట్టిపోతాయి. నన్ను మాత్రం మా రాజుగాడు మానుకోనివ్వడు. వాడు ఉత్త ఊరకుక్క. తెల్లారకముందే మంచం పట్టె మీద మూతి ఆనించి మూలుగుతాడు. లేవకపోతే కాలి బొటనవేలు నాకుతాడు. మబ్బు పట్టిందన్నా, ఒళ్లు నొప్పులన్నా వాడు వినడు. పలమనేరు రోడ్డు మీద మేం పోతుంటే టీ అంగడి దగ్గర ఎవరో ఒకరు అడుగుతారు: "ఏం సార్, మీరు వాణ్ని తిప్పుతా ఉండారా, వాడు మిమ్మల్నా?"

వాడే నన్ను తిప్పుతున్నాడు. అందులో దాపరికం లేదు.

జంతువును పెంచుకుంటే ఒంటికి మంచిదని పరిశోధకులు చాన్నాళ్లుగా అంటున్నారు. గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరిన 92 మందిని అమెరికాలో ఎరికా ఫ్రీడ్‌మన్ బృందం ఏడాది పాటు గమనించి, 1980లో ఆ లెక్క ప్రకటించింది. ఇంట్లో జంతువు ఉన్న 53 మందిలో పోయింది ముగ్గురు. లేని 39 మందిలో 11 మంది. కుక్క, దాని యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. అయితే ఆరోగ్యం బాగున్నవాళ్లే జంతువులను పెంచుకోగలుగుతున్నారేమో అన్న అనుమానం ఎప్పుడూ ఉన్నదే. అందుకే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2013లో ఆచితూచి మాట్లాడింది. కుక్కను పెంచుకోవడం గుండెజబ్బు ముప్పు తగ్గడానికి తోడ్పడవచ్చంటూనే, కేవలం అందుకోసమే తెచ్చుకోవద్దంది.

అలాంటి హెచ్చరిక ఇప్పుడు మా వైపు మరీ అవసరం. పలమనేరు దాటితే పుంగనూరు. రెండు మూడు అడుగుల ఎత్తుండే పొట్టి ఆవుల పుట్టిల్లు అది. ఒకప్పుడు ఆ జాతి అంతరించిపోయేలా ఉంటే పలమనేరులోని పశు పరిశోధనా స్థానం కాపాడుకొచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ ఢిల్లీలో తన ఇంట్లో ఈ ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు దేశమంతా చూసింది. పుంగనూరు ఆవంటే మోజు ఇంకా పెరిగింది. లక్షలు పోసి కొని, హాల్లో సోఫా పక్కన నిలబెట్టి ఫొటోలు దిగుతున్నారు. పేడ ఎత్తడానికి జీతగాడు. ఆ ఇంట్లో ఫొటో యజమానికి, ఆరోగ్యం జీతగాడికి.

మా వీధి చివర ఒక అవ్వ ఉంది. కొడుకు బెంగళూరులో ఉంటాడు. మోకాళ్ల నొప్పులని కూర్చున్నప్పుడల్లా మూలుగుతుంది. కానీ కొట్టంలో ఆవు అరిచిందంటే లేస్తుంది. వంగి కసువు చిమ్ముతుంది, కుడితి కలుపుతుంది, పలుపు మార్చి కడుతుంది. తర్వాత గంగడోలు దువ్వుతూ కోడలి మీద చాడీలన్నీ ఆవుకే చెప్పుకుంటుంది. ఒళ్లు కదలడం, గుండె బరువు దిగడం, తన కోసం ఇంకో ప్రాణం కాచుకుని ఉందన్న ధీమా. ఈ మూడింటికీ కలిపి చీటీ రాసిచ్చే డాక్టరు నాకు తెలిసి లేడు.

ముద్దు ఒక్కటే చాలదు, జాగ్రత్తా కావాలి. కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించాలి. కరిచినా గీరినా వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో పావుగంట కడిగి, ఆసుపత్రికి వెళ్లి సూదులు పూర్తిగా వేయించుకోవాలి. పసరు మందులూ మంత్రాలూ అంటూ కూర్చోకూడదు. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. పాలు ఎంత మంచి ఆవువైనా కాచే తాగాలి. కడుపు పోయిన ఆవు మాయను ఉత్త చేతులతో ముట్టుకోకూడదు. బ్రూసెల్లోసిస్ అనే జ్వరం అలాగే అంటుకుంటుంది.

కుక్కయినా, పిల్లి అయినా, పొట్టి ఆవయినా తెచ్చుకునే ముందు ఇంట్లో ఒక్క సంగతి తేల్చుకోండి: దాని పెంట ఎత్తేది ఎవరు? "నేనే" అనగలిగితే నిశ్చింతగా తెచ్చుకోండి. లేదంటే ఆ డబ్బుతో ఇంకో జత బూట్లు కొనుక్కోండి. వాటికి మేత పెట్టే పని ఉండదు.