ఐగుప్తు ధాన్యాధికారి చెప్పిన ముప్పది బుద్ధులు

ఐగుప్తు అనగానే మన సంఘములలో ఇటుకల పని, కొరడా దెబ్బలు, పది తెగుళ్లు, ఎర్ర సముద్రము జ్ఞాపకమునకు వచ్చును. ఫరో హృదయము కఠినమైనదని ఆదివారపు బడి పిల్లవాడు సైతము చెప్పగలడు. అయితే ఆ దేశములో ఫరో ఒక్కడే కాపురముండలేదు. గట్టు తగాదాలు, కొలతలో మోసము, తీరని అప్పులు, రేవులో కూలి డబ్బు లేక ఒడ్డున నిలిచిపోయిన బీదవాడు, ఇవన్నియు అక్కడను ఉండెను. వీటిని గూర్చి అమెనెమోపే అను అధికారి తన కడపటి కుమారునికి వ్రాసిన బుద్ధుల గ్రంథమును ఈ నెల పరిశీలింతము.

ఇది 3,000 సంవత్సరములకు పైబడిన రచన. ముప్పది అధ్యాయములు. జమ్ము వంటి మొక్కతో చేసిన కాగితపు చుట్ట మీద దీని ప్రతి లండనులోని బ్రిటిషు మ్యూజియమున కలదు. దాని పొడవు సుమారు 12 అడుగులు. 1888లో బడ్జ్ అను పండితుడు దానిని సంపాదించెను, 1923లో అచ్చువేయించెను. మరుసటి యేడే ఎర్మన్ అను జర్మను పండితుడు, ఇందలి మాటలు సామెతల గ్రంథము 22వ అధ్యాయము 17వ వచనము మొదలుకొని వచ్చు మాటలకు మిక్కిలి దగ్గరగా ఉన్నవని చూపెను. పొలిమేర రాయిని జరుపకుము, బీదవానిని దోచుకొనకుము, కోపిష్ఠితో స్నేహము చేయకుము, ధనమునకు రెక్కలు వచ్చి ఎగిరిపోవును. సామెతలలో అది పక్షిరాజువలె ఎగురును, ఐగుప్తు గ్రంథములో బాతులవలె ఎగురును. 22:20లో పూర్వము శ్రేష్ఠమైనవి అని అర్థము చెప్పిన హెబ్రీ మాటను కొన్ని క్రొత్త అనువాదములు ముప్పది అని చదువుచున్నవి.

ఈ సంగతి విని కొందరు విశ్వాసులు కలత చెందుదురు. సొలొమోను అన్యుని ఇంట ఎరువు తెచ్చుకొనెనా అని అడుగుదురు. ఐగుప్తు గ్రంథమే ముందుదని ఎక్కువమంది పండితుల అభిప్రాయము. దీనికి మనము జడియనక్కరలేదు. ఆ భాగము జ్ఞానుల మాటలు ఆలకించుమనియే ప్రారంభమగుచున్నది. అవి ఎవరి మాటలో దాచవలెనని లేఖనము ప్రయత్నింపలేదు. రాజుల మొదటి గ్రంథము సొలొమోను జ్ఞానమును ఐగుప్తీయుల జ్ఞానముతో పోల్చి అధికమనెను. ఉత్త చేతులవానితో పోల్చి ఒకనిని ధనవంతుడని ఎవరును పొగడరు గదా! మోషే ఆ విద్యలన్నియు నేర్చెనని స్తెఫను సాక్ష్యమిచ్చెను.

గ్రంథకర్త ఉద్యోగమును తెలిసికొననిదే గ్రంథము అర్థము కాదు. అతడు పొలములకును ధాన్యమునకును పైవిచారణకర్త. 1970లో అస్వాను పెద్ద ఆనకట్ట పూర్తికాక పూర్వము నైలు నది ఏటేట పొంగి పొలముల మీదికి వచ్చెడిది. నీరు తీయగా నల్లని ఒండ్రు మిగులును. గట్లు చెరిగిపోవును. త్రాళ్లతో మరల కొలువవలెను. నదిలో క్రొత్తగా లేచిన లంకలను లెక్కలో వ్రాయుట అమెనెమోపే పని. లంక భూముల తగవులెరిగిన గోదావరి తీరపు చదువరులకు ఈ ఉద్యోగమెట్టిదో వేరుగా చెప్పనేల? కొలత్రాటిని ఎట్లు జరుపుదురో, విధవరాలి చేను అంచును నాగలితో ఎట్లు కొరుకుదురో అతనికి తెలియును. ధాన్యపు కొలపాత్రను అతడు సూర్యదేవుని కన్నుగా ఎంచెను. దానిని తగ్గించువాడు ఆ కంటిని పొడిచినట్లే.

నా మట్టుకు ఈ గ్రంథములో మిక్కిలి విలువైనవి మూడు చోట్లు. బీదవాని మీద పెద్ద బాకీ కనబడినయెడల దానిని మూడు పాళ్లు చేసి, రెండు విడిచిపెట్టి, ఒకటి మాత్రమే నిలుపుమని అతడు చెప్పుచున్నాడు. అట్లు చేసినవాడు రాత్రి సుఖముగా నిద్రించునట. రెండవది రేవు. పడవలో చోటుండగా ఎవనిని ఆపకుము, ఉన్నవానియొద్ద కూలి తీసికొనుము, లేనివానిని ఊరక దాటించుము. మూడవది, గ్రుడ్డివానిని చూచి నవ్వవద్దు, పొట్టివానిని ఏడిపింపవద్దు, కుంటివానిని అడ్డగింపవద్దు, మతి చలించినవాడు దేవుని చేతిలో ఉన్నాడు గనుక అతనిని ఆటపట్టింపవద్దు. ఏలయనగా మనుష్యుడు మట్టియు గడ్డియు, కట్టువాడు దేవుడు. బైబిలు పట్టుకొని వడ్డీకి వడ్డీ కట్టించుకొను మన పెద్దలలో కొందరు ఈ అన్యుని ఎదుట ఏ ముఖముతో నిలుతురో!

అయితే లోపములును కలవు. ఆ కాగితపు చుట్ట వెనుక ప్రక్కను మంచి దినములు, చెడు దినములు లెక్కించిన పట్టిక యొకటి వ్రాయబడియున్నది. ముందు ప్రక్క అంతటి వివేకము, వెనుక ప్రక్క వర్జ్యములు. (వారమునకొకసారి గుడికి వచ్చి, పెండ్లికి మాత్రము పంచాంగము విప్పు ఇండ్లకు ఇది క్రొత్త సంగతి కాదు.) అది గ్రంథకర్త తప్పు కాకపోవచ్చును. అతని స్వంత లోపము వేరు.

అతడు పొగడిన మనుష్యుడు మౌని. మౌని తోటలోని చెట్టు, ఆకు పచ్చన, ఫలము తియ్యన, నీడ చల్లన. ఆవేశపరుడు త్వరలో ఆకు రాల్చి తుదకు మంటపాలగు చెట్టు. ఇది మొదటి కీర్తనను, యిర్మీయా 17వ అధ్యాయమును తలపించు చక్కని పోలిక. కాని మౌనము ఎవరికి మేలు? ధాన్యపు కొట్ల తాళములు చేతనున్నవానికి కూలివాని మౌనము మిక్కిలి ఇష్టమే. ఇంచుమించు ఆ యుగములోనే, సుమారు క్రీ.పూ. 1157లో, మూడవ రామెసేసు ఏలుబడి 29వ యేట, రాజుల సమాధులు తొలుచు పనివారికి జీతపు ధాన్యము అందలేదు. వారు పని మాని, గోడలు దాటి పోయి దేవాలయము వెనుక కూర్చుండిరి. ఆకలిదప్పులే తమ్మును అక్కడికి తెచ్చినవనిరి. కట్ట బట్ట లేదు, చేప లేదు, కూర లేదని లేఖకునిచేత వ్రాయించిరి. అమెనెమోపే గ్రంథములో అట్టివారికి మాట లేదు. అది దొరలకు చెప్పిన బుద్ధియే గాని కూలివానికి ఇచ్చిన ధైర్యము కాదు. నిర్గమకాండములోనైతే దాసులు నిట్టూర్చి మొరపెట్టిరి, దేవుడు ఆ మొర ఆలకించెను. ఐగుప్తు జ్ఞానము మెచ్చిన మౌనము వారు పాటించియుండినయెడల నిర్గమమే లేదు.

తిరిగి పొలిమేర రాయియొద్దకు వత్తము. రెండు గ్రంథములును కలిసికొను చోటు అదే, విడిపోవు చోటును అదే. గట్టు జరిపినవానిని చంద్రదేవుని శక్తి పట్టుకొనునని ఐగుప్తు గ్రంథము బెదరించుచున్నది. త్రాసు ప్రక్కను కోతి రూపమున థోతు దేవుడు కూర్చుండి కనిపెట్టుచుండును. చూచువాడున్నాడు, శిక్షించువాడున్నాడు. సామెతలు 23వ అధ్యాయము మాత్రము, తండ్రిలేనివారి పక్షమున వ్యాజ్యమాడు బలమైన విమోచకుడున్నాడని చెప్పుచున్నది. హెబ్రీ భాషలో ఆ మాటకు పోయిన భూమిని విడిపింప బద్ధుడైన దగ్గరి చుట్టము అని అర్థము. రూతు గ్రంథములో బోయజును గూర్చి వాడినది ఆ మాటయే. అతడు ఊరి గవినియొద్ద పదిమంది పెద్దలను కూర్చుండబెట్టి, నయోమి పొలము సంగతి ఆ దినముననే తేల్చెను.