నలుగురి ముందు లెక్క

మా తిరువూరు వైపు కల్లాల్లో వడ్లు కొలిచే మనిషి మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనేవాడు కాదు. ‘లాభం’ అని మొదలుపెట్టేవాడు. లాభం, రెండు, మూడు... ఆరు దాటాక ‘ఆరున్నొక్కటి’ అనేవాడు. ధాన్యం ఇంటికొచ్చే వేళ ‘ఏడు’ అనే మాట నోట రాకూడదు. చిన్నప్పుడు ఆ లెక్కను పాటలా విన్నాను. అలా గొంతెత్తి చెప్పడంలో ఒక పనితనం ఉందని చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు. అమ్మే రైతు, కొనే షావుకారు, కూలీలు, పక్క కల్లం వాళ్లు అందరూ వినేట్టు లెక్కపెడితే రేపు తగాదాకు చోటుండదు.

నలుగురికీ వినిపించకపోతే ఏమవుతుందో చూపే వర్తకుడొకడు చందమామ తరహా కథల్లో తరచుగా కనిపిస్తాడు. దేశాంతరం పోతూ సొమ్ము మూటను స్నేహితుడి చేతిలో పెడతాడు. తిరిగొచ్చి అడిగితే ‘ఏ సొమ్ము?’ అంటాడా స్నేహితుడు. చివరికి తెలివైన న్యాయాధికారి తీర్పు చెబితే గానీ కథ కంచికి చేరదు. కథలో బాగానే ఉంటుంది గానీ, మూటకొక న్యాయాధికారిని ఎక్కణ్నుంచి తెస్తాం? మన వర్తక సంఘాలు ఈ చిక్కును వేరే విధంగా విప్పాయి. సొమ్మును ఒక మనిషికి కాక సంఘానికి అప్పగించారు. అప్పగించిన సంగతి నలుగురికీ వినిపించారు. ఆ తర్వాత రాతి మీద చెక్కించారు.

ఈ ఏర్పాటు నిన్నమొన్నటిది కాదు. భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుకరండాల (అవశేషాల పేటికల) మీద, క్రీస్తుకు పూర్వమే చెక్కిన అక్షరాల్లో, ‘నిగమ’ సభ్యుల పేర్ల వరుస ఉంది. నిగమమంటే పట్టణ వర్తకుల సభ. అమరావతి శాసనాల్లో ధాన్యకటకం నిగమం ప్రస్తావన వస్తుంది. నాగార్జునకొండలో తమలపాకులు అమ్మేవారి శ్రేణి, అంటే వృత్తి సంఘం, పిండివంటలు చేసేవారి శ్రేణి కూడా ధర్మకార్యాల సొమ్ము దాచిపెట్టేంత పరపతి సంపాదించాయి.

ఇలా సొమ్ము దాచే పద్ధతి పేరు అక్షయనీవి. నీవి అంటే మూలధనం, దాన్ని ఎవరూ ముట్టుకోరాదు. వచ్చే వడ్డీతోనే పని జరగాలి. దీని లెక్క నాసిక్ గుహలోని ఒక శాసనంలో చక్కగా కనిపిస్తుంది. శక క్షత్రపుడు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు దగ్గర్లోని గోవర్ధనంలో నేతగాళ్ల శ్రేణుల దగ్గర 3,000 కార్షాపణ నాణేలు ఉంచాడు. అందులో 2,000 మీద వడ్డీ నెలకు నూటికి ఒకటి, మిగిలిన 1,000 మీద ముప్పావు. మొదటి భాగం మీద ఏడాదికి 240 వస్తుంది. గుహలో వానాకాలం గడిపే 20 మంది భిక్షువులకు మనిషికి 12 చొప్పున వస్త్రాల ఖర్చు అదే. రెండో భాగం మీద వచ్చే 90 వారి ఇతర ఖర్చులకు. లెక్క పైసా తేడా లేకుండా సరిపోయింది. ఇదంతా నిగమసభలో వినిపించి, పలక మీద నమోదు చేయించినట్టు కూడా ఆ శాసనమే చెబుతుంది. అంటే ముందు వినిపించడం, ఆ తర్వాతే రాయడం. మా కల్లంలో కొలిచే మనిషి చేసిందీ అదే.

మధ్యయుగానికి వచ్చేసరికి ఈ సంఘాలు ఊరి పొలిమేర దాటాయి. కన్నడ దేశంలోని అయ్యావొళె, అంటే నేటి ఐహొళె, పేరు మీద వెలసిన ‘అయిదునూరు స్వాముల’ సంఘం దక్షిణాపథమంతటా పాకింది. సుమత్రా దీవిలోని బారూస్ దగ్గర ఈ సంఘం వేయించిన 1088 నాటి తమిళ శాసనం దొరికింది. బర్మాలోని పగాన్‌లో నానాదేశి వర్తకుల విష్ణ్వాలయం ఉండేది. తెలుగు శాసనాల్లో వీరిని స్వదేశి, పరదేశి, ఉభయ నానాదేశి పెక్కండ్రు అన్నారు. స్వదేశి అంటే ఊళ్లోవాడు, పరదేశి అంటే పైనుంచి వచ్చినవాడు, నానాదేశి అంటే అన్ని దేశాలూ తిరిగేవాడు. ముగ్గురూ ఒక కట్టుబాటు కింద నిలబడితే దాన్ని ‘సమయం’ అన్నారు. సమయమంటే ఒప్పందం, ఒట్టు. ఒట్టు తప్పినవాడికి మరో ఊరి సంతలో సరుకు దిగేది కాదు. ఖడ్గం కన్నా ఆ భయమే ఎక్కువ పనిచేసింది.

సరుకు కదిలే తీరులోనూ ఇదే నేర్పు కనిపిస్తుంది. పెరికెడ్ల మీద బస్తాలు వేసుకుని బిడారుగా బయల్దేరేవారు. అడవి దారిలో దొంగల భయం ఒకరిదైతే అందరిదీ అయ్యేది, కావలివాళ్ల కూలి అందరూ పంచుకునేవారు. సంతకు చేరాక, అమ్మిన సరుకు మీద తమకు తామే కొంత విధించుకుని గుడికి ఇచ్చేవారు. ఓరుగల్లు కోటలోని శాసనం చదివితే ధాన్యం, నువ్వులు, ఉప్పు, చింతపండు, కొబ్బరికాయలు మొదలుకుని సీసం, చందనం, ముత్యాల దాకా సంత మొత్తం కళ్ల ముందు పరచినట్టుంటుంది. ఇలాంటి సంఘమే మన బెజవాడలో నూనె తీసే తెలికివారిది, పేరు ‘వేయిమంది’. 1086 నాటి టేకి తామ్రశాసనం వారి గౌరవ మర్యాదలను రాజముద్రతో ఖాయం చేసింది. నూనె గానుగ తిప్పే చేతులకు పెళ్లి ఊరేగింపులో గుర్రమెక్కే హక్కు దక్కింది.

వర్తకులు ఇలా తమలో తాము కట్టుబడినప్పుడు రాజు కూడా కట్టుబడక తప్పలేదు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం దానికి సాక్ష్యం. తుపానులో పడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు లాక్కునేవారు. ప్రాణాలొడ్డి సముద్రం దాటి వచ్చేవారి మీద దయతో మేం అలా చేయం, నియమించిన సుంకం తప్ప మరేమీ తీసుకోం అన్నాడు గణపతిదేవుడు. ఎగుమతులకూ దిగుమతులకూ సుంకం ముప్పైలో ఒక వంతు. చందనానికి ఎంత, కర్పూరానికి ఎంత, ముత్యాలకు ఎంత, పన్నీటికి ఎంత, అన్నీ స్తంభం మీద విడివిడిగా ఉన్నాయి. రేవులో దిగిన పరదేశికి సుంకరి ముందు దేబిరించే పని లేదు, రాయి వైపు వేలు చూపిస్తే చాలు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో మళ్లీ అభయమిచ్చాడు. రాజ్యం మారినా మాట నిలిచింది.

తర్వాతి కాలంలో ఈ విద్య కాగితానికెక్కి హుండీ అయింది. మచిలీపట్నంలో షరాబుకు రొక్కం కట్టి చీటీ తీసుకుంటే, హైదరాబాదులో అతనితో ఖాతా ఉన్న షరాబు సొమ్ము చెల్లించేవాడు. చూపగానే చెల్లేది దర్శని, గడువు తీరాక చెల్లేది ముద్దతి. షాజోగు హుండీ అని మరొకటి ఉండేది. బజారులో పేరున్న షావుకారు ద్వారా వస్తేనే అది చెల్లేది, కాబట్టి దారిలో దొంగ కాజేసినా వాడికది చిత్తుకాగితమే. చిట్టాలో ఏ రోజు పద్దు ఆ రోజు, ఆవర్జాలో ఎవరి ఖాతా వారికి. హుండీ కట్టుబాటు ఎంత గట్టిదంటే, 1881లో ఇంగ్లీషు దొరలు చెక్కులకూ ప్రామిసరీ నోట్లకూ చట్టం చేస్తూ, దేశభాషల్లో రాసే హుండీల స్థానిక ఆచారాన్ని కదల్చకుండా వదిలేశారు.

అయితే ఆ వర్తక సంఘాల నీడ అందరి మీదా పడలేదన్నది నిజం. చాలాచోట్ల కులం గీత దాటి ఇతరులను లోపలికి రానివ్వలేదు. తమలో తాము వీసం దగ్గర కూడా నీతి పాటించినవారే కల్లం దగ్గర రైతును వడ్డీలో ముంచిన కథలు మన పల్లెలకు కొత్త కాదు. రైతును ఆ వడ్డీ నుంచి తప్పించడానికే 1904లో సహకార పరపతి చట్టం వచ్చింది. ఆ తర్వాత 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. అప్పుడు తిరువూరుకు జిల్లా కేంద్రం ఆ ఊరే. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన రోజు మా ఇళ్లల్లో పెద్దవాళ్లు పాసుపుస్తకాలు తీసి చూసుకున్నారు. అది డబ్బు మీద బెంగ కాదు. మన మాట మీద నిలబడ్డ మన సంఘం అన్న అభిమానం.

ఈ రోజు జగదల్‌పూర్ రోడ్డు మీద మామిడి, పత్తి, మిర్చి లారీలు తిరువూరు మీదుగా పోతూనే ఉన్నాయి. పశువుల సంతలో రుమాలు కింద వేళ్లు కలిపి బేరమాడేవారు ఇంకా ఉన్నారు. బేరం రహస్యంగా ఉండొచ్చు, అది ఇద్దరి మధ్య సంగతి. తూకం, తరుగు, కమీషను మాత్రం రహస్యంగా ఉండకూడదు. వాటిని మార్కెట్ యార్డు గేటు దగ్గర, మోటుపల్లి స్తంభంలా, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయాలి. కాటా మీద అంకె పడగానే ఎవరో ఒకరు గొంతెత్తి చదవాలి. బస్తా దించిన రైతు, పక్క బస్తా రైతు, హమాలీ, అందరూ వినాలి. ‘లాభం’ అన్న ఆ మొదటి మాట అమ్మేవాడికీ కొనేవాడికీ కలిపి చెప్పింది.