మాట్లాడే గుర్రం చెప్పని సంగతులు

నవంబరు వచ్చిందంటే సూరత్ వీధుల్లో పెళ్ళి ఊరేగింపులు మొదలవుతాయి. గుజరాతీలు వాటిని 'వర్‌ఘోడో' అంటారు. పేరులోనే గుర్రం ఉంది. మరమగ్గాల పని మీద తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళి లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు గుర్రాన్ని దగ్గరగా చూసేది ఎక్కువగా అప్పుడే. బ్యాండు మోగుతుంది, టపాకాయలు పేలుతాయి, గుర్రం నిలిచినచోట నిలవదు. "డాన్సు చేస్తోంది" అని పిల్లలు సంబరపడతారు. నాట్యం నేర్చిన గుర్రాలు ఉన్నమాట నిజమే. కాని బెదిరిన గుర్రం కూడా అలాగే కాళ్ళు మార్చుతుంది. ఈ తేడా తెలియక వెనకగా వెళ్ళి తోక ముట్టుకోబోయిన పిల్లవాడికి ఏం జరగవచ్చో మీరు ఊహించగలరు.

ఈ తేడాను నేర్పే పుస్తకం ఏది అని అడిగితే చాలామంది ఆంగ్ల రచయిత్రి అన్నా స్యూవెల్ రాసిన 'బ్లాక్ బ్యూటీ'నే చెబుతారు. 1877లో వెలువడిన ఈ నవలలో గుర్రమే తన కథ చెప్పుకుంటుంది. నిజానికి స్యూవెల్ దీన్ని పిల్లల కోసం రాయలేదు. గుర్రాలతో పనిచేసేవారి కోసం రాసింది. బాల్యంలో కాళ్ళకు దెబ్బ తగిలి, నడవడం కష్టమై, బండిగుర్రాల మీద ఆధారపడి బ్రతికిన మనిషి ఆమె. పుస్తకం వెలువడిన మరుసటి ఏడాదే మరణించింది. నూటయాభై ఏళ్ళు కావస్తున్న ఈ పుస్తకాన్ని విజ్ఞానశాస్త్రం దృష్టితో చదివితే ఏమి నిలుస్తుంది?

పచ్చిక బయలు, రైలుబండి

మొదట నిలిచేది ఒక చిన్న ఘట్టం. రైలు శబ్దానికి గుర్రం బెదరకుండా ఉండాలని యజమాని దాన్ని రైలుమార్గం పక్కనున్న పచ్చిక బయలులో కొన్నాళ్ళు వదిలిపెడతాడు. మొదటిసారి బండి వచ్చినప్పుడు గుర్రం బయలు అవతలి చివరకు పారిపోతుంది. ఆవులు మాత్రం మేత మానవు. రోజులు గడిచేకొద్దీ గుర్రమూ రైలును పట్టించుకోవడం మానేస్తుంది.

హాని చేయని ప్రేరణ పదేపదే ఎదురైతే ప్రతిచర్య క్రమంగా తగ్గిపోవడాన్ని జీవశాస్త్రం 'అలవాటుపడటం' అంటుంది. స్యూవెల్ ఆ మాట వాడలేదు గాని, దానికి కావలసిన ముఖ్యమైన షరతును గమనించింది. అది పారిపోవడానికి చోటు. గుర్రం వేటకు గురయ్యే జంతువు. దానికి పరుగే రక్షణ. దూరం పోగలిగినప్పుడే అది ఆగి, వెనక్కి తిరిగి చూసి, ప్రమాదం లేదని నేర్చుకుంటుంది. సూరత్ ఊరేగింపులో ఇదంతా తలకిందులు. చుట్టూ జనం, మీద పెళ్ళికొడుకు, నోట్లో కళ్ళెం. అక్కడ శబ్దానికి అలవాటుపడటానికి బదులు భయం మరింత ముదరవచ్చు. ముళ్ళ కళ్ళేల వాడకాన్ని మన దేశంలో 1965 నాటి నిబంధనలే నిషేధించాయి. నొప్పితో అణచిన గుర్రం కదలకుండా నిలబడవచ్చు గాని, దాని భయం పోదు.

మాటల వల్ల వచ్చిన లోపం

నవలలో మెర్రీలెగ్స్ అనే పొట్టిగుర్రం ఉంది. పిల్లలు బెత్తం కర్రతో అదేపనిగా కొడుతుంటే అది రెండు మూడుసార్లు ఆగి చూస్తుంది. వినకపోతే ముందుకాళ్ళు ఎత్తి, కొట్టిన పిల్లవాణ్ణి వెనక్కి జారవిడుస్తుంది. ఆ తరవాత తోటి గుర్రాలకు తన ఉద్దేశం చెబుతుంది: బుద్ధి చెప్పడానికే అలా చేశాను!

కథగా ఇది బాగుంది. నా అభ్యంతరం ఇక్కడే. గుర్రం 'బుద్ధి చెప్పాలని' సంకల్పించిందనడానికి ఆధారం లేదు. నొప్పి నుంచి తప్పించుకుందని చెబితే చాలు. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. గుర్రమే అన్నీ మాటల్లో చెప్పేస్తుంటే, చదివే పిల్లవాడికి దాన్ని కళ్ళతో గమనించే పని మిగలదు. చెవులు వెనక్కి వాలడం వంటి గుర్తులు నవలలో ఒక్క మాటలో వచ్చి పోతాయి. వీధిలో గుర్రం మాట్లాడదు. అక్కడ ఆ గుర్తులే పిల్లవాడికి ఆధారం.

ఇవి నేర్చుకోవడం కష్టం కాదు. భయపడిన గుర్రం తల పైకెత్తుతుంది, చెవులు బిగుసుకుని శబ్దం వైపు తిరుగుతాయి, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది, ముక్కుపుటాలు విచ్చుకుంటాయి, తోక బిగుస్తుంది. కుదురుగా ఉన్న గుర్రం తల దించి, కింది పెదవి వదులు చేసి, ఒక వెనకకాలికి విశ్రాంతి ఇస్తుంది. 2015లో బ్రిటన్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్రం ముఖంలో 17 విడివిడి కదలికలను గుర్తించి జాబితా చేశారు. కళ్ళు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. సరిగ్గా తోక వెనక, నుదుటికి ఎదురుగా అతి దగ్గర మాత్రం కనిపించదు. అందుకే దాని భుజం వైపు నుంచి, మెల్లగా మాట్లాడుతూ వెళ్ళాలి.

రౌతు కొద్దీ గుర్రం

మనకు రెండు సామెతలున్నాయి. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళమీద నడుస్తుందని ఒకటి; రౌతు కొద్దీ గుర్రమని మరొకటి. మొదటిది కొరడాకు సాకుగా పనికివస్తుంది. రెండోదానికి ప్రయోగం మద్దతిస్తోంది. 2009లో ప్రచురితమైన ఒక స్వీడన్ అధ్యయనంలో, గుర్రాన్ని నడిపించేవారికి, స్వారీ చేసేవారికి "ఈసారి మీరు వెళ్ళేటప్పుడు గొడుగు తెరుస్తాం" అని చెప్పారు. తెరవలేదు. అయినా మనుషుల గుండె వేగం పెరిగింది, దాంతోపాటు గుర్రాలదీ పెరిగింది. గుర్రాన్ని అర్థం చేసుకోబోయే పిల్లవాడు ముందుగా తన ఊపిరిని, తన చేతి బిగువును గమనించుకోవాలన్నమాట. ఈ సంగతి స్యూవెల్ మంచి రౌతుల నెమ్మదితనంలో సూచించింది గాని, దాని కారణం ఆమె కాలానికి తెలియదు.

నవలలో జో గ్రీన్ అనే కుర్రవాడు చెమటతో వచ్చిన గుర్రానికి గొంగడి కప్పకుండా చన్నీళ్ళు తాగిస్తాడు. గుర్రం చావుబతుకుల్లో పడుతుంది. అతనిది దుర్మార్గం కాదు, తెలియనితనం. తెలియనితనం కూడా ప్రాణం తీయగలదని చెప్పిన ఈ అధ్యాయం, రైలు ఘట్టం, ఈ రెండింటి కోసమైనా పుస్తకాన్ని పిల్లల చేతికివ్వాలి. ఇచ్చి ఊరుకోకూడదు. ఈసారి మీ వీధిలో ఊరేగింపు వచ్చినప్పుడు పిల్లవాణ్ణి దూరంగా, పక్కగా నిలబెట్టి, గుర్రం చెవులు ఎటు తిరిగాయో చెప్పమని అడగండి. ఆ తరవాత తోక సంగతి, ఆ తరవాత కళ్ళ సంగతి. గుర్రం నాట్యం చేస్తోందా, బెదిరిందా అన్నది అతనే తేల్చి చెబుతాడు.