సంగటి ముద్ద వెనక చెయ్యి

శ్రీనాథుడివిగా చెప్పే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు ఎగతాళి పాలైంది. రాయలసీమ కరువు కథల్లో సంగటి లేమికి గుర్తు. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం నాటికి అదే ముద్ద సీమ ఆత్మగౌరవమైంది. మూడు చోట్లా మాట్లాడింది తినేవాడి నాలుకే.

మైలవరం, జమ్మలమడుగు పల్లెల్లో పొయ్యి సెగకు కూర్చుని సంగటి కెలికింది, ఊరిబిండి నూరింది ఆడవాళ్ళే. పీర్లకు చక్కెర చదివించిన హిందువుల ఇంటా, ముస్లింల ఇంటా, క్రైస్తవుల ఇంటా పొయ్యి దగ్గరి మనిషి మారలేదు. 'కలిసి బతికిన సంస్కృతి' అని మురిసే విమర్శ, దళితవాడ కూరగిన్నె ఏ గడప దాటగలిగిందో అడగదు. కెలికిన చేతికి చివర్లో మిగిలింది ముద్దా, మాడుచెక్కా అనీ అడగదు. రుచి గురించిన చర్చ అక్కణ్ణుంచే మొదలుకావాలి.